ఆరు వేల ఓమ్‌లు ఏం చెబుతాయి?

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద వేలెడంత ఉండే పికప్‌లో కిలోమీటరుకు పైగా రాగి తీగ చుట్టి ఉంటుంది. లెక్క సులువే. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్‌కు వాడేది అమెరికా కొలతలో 42వ నంబరు తీగ. మందం 0.063 మిల్లీమీటర్లు, నిరోధం మీటరుకు సుమారు 5.4 ఓమ్‌లు. మల్టీమీటర్‌లో 6,000 ఓమ్‌లు కనిపించాయంటే లోపల దాదాపు 1,100 మీటర్ల తీగ ఉన్నట్టు.

గిటార్ వాళ్లు ఈ అంకెను ‘ఆరు కే’, ‘ఎనిమిది కే’ అని చెప్పుకుంటారు. కే ఎక్కువైతే మోత ఎక్కువని గట్టి నమ్మకం. అందులో నిజం సగమే.

పికప్ పుట్టింది గిటార్ గొంతు చాలక. 1930ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో హవాయి గిటార్ వాయించే జార్జ్ బీచమ్ రెండు గుర్రపునాడా అయస్కాంతాలు తీసుకుని, వాటి మధ్య తీగలు సాగేలా అమర్చి, కింద ఒక తీగచుట్ట పెట్టాడు. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఆడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి 1932లో అమ్మకానికి తెచ్చిన ఆ అల్యూమినియం గిటార్‌ను జనం ‘ఫ్రయింగ్ పాన్’ అన్నారు. పేటెంట్ చేతికొచ్చేసరికి 1937 ఆగస్టు అయింది.

ఒంటి చుట్టకు ఒక జబ్బుంది. గదిలోని లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్ల గుయ్యిమనే రొదను కూడా పట్టేస్తుంది. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి మందు కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానికి తీగ దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ తిప్పేశాడు. రొదలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తీగల నాదం మాత్రం కలిసి వస్తుంది. అదే హంబకర్. చుట్టకు సుమారు 5,000 మలుపులని అనుకున్నా, నాటి యంత్రాలు లెక్క ప్రకారం కచ్చితంగా ఆగేవి కావు. అందుకే ఆ పాత పికప్‌లు ఒకటి ఏడు వేల ఓమ్‌లు చూపిస్తే ఇంకొకటి తొమ్మిది వేలు చూపిస్తుంది. ఆ తేడాల మీదే ఇవాళ పాత గిటార్ల బజారులో వేలంవెర్రి. ఇంకో తమాషా, తర్వాత వాటి మీద అతికించిన పేటెంట్ నంబరు పికప్‌ది కానే కాదు, తీగలు కట్టే టెయిల్‌పీస్‌ది!

ఓమ్‌లు చూసి నాదాన్ని అంచనా కట్టడమంటే చేదతాడు పొడవు చూసి బావి నీళ్ల రుచి చెప్పడమే. 8,000 మలుపుల పికప్‌ను 42 బదులు ఇంకా సన్నని 43వ నంబరు తీగతో చుట్టండి. నిరోధం దాదాపు పాతిక శాతం పెరుగుతుంది. పుట్టే వోల్టేజి మాత్రం అంతే ఉంటుంది, ఎందుకంటే దాన్ని తేల్చేవి మలుపుల సంఖ్య, అయస్కాంతం, తీగ కదలిక. జార్జ్ హారిసన్ వాయించిన గ్రెచ్ గిటార్‌లోని ఫిల్టర్‌ట్రాన్ హంబకర్లు నాలుగు వేల ఓమ్‌ల దగ్గరే ఉంటాయి. వాటిని బలహీనమని ఎవరూ అనలేదు.

స్వరాన్ని అసలు మలిచేది ప్రేరకత్వం (ఇండక్టెన్స్). మలుపుల సంఖ్య వర్గంతో పాటు ఇది పెరుగుతుంది. పికప్‌లో 2.4 హెన్రీలు, కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటే 4,200 హెర్ట్జ్ దగ్గర అనునాదం వస్తుంది. గిటార్‌కు మెరుపు అక్కడిదే. ప్రేరకత్వం రెట్టింపైతే ఆ శిఖరం 3,000కు దిగి, నాదం బరువెక్కుతుంది. పికప్ చుట్టేవాడు చేతిలో పట్టుకుని ఆడించేది దీన్నే. పికప్ చేసే మేలు ఒక్క గిటార్‌కే కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తన ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక గమకాలను సాగదీయగలిగాడంటే, మామూలు మాండలిన్‌లో ఠక్కున ఆరిపోయే నాదాన్ని పికప్ నిలబెట్టింది కనుకే.

మరి మీటర్ దేనికి? రోగనిర్ధారణకు. గిటార్‌కు కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, మీటర్‌ను 20కే మీద పెట్టి, ప్లగ్ కొనకు ఒక ముల్లు, దాని మొదలుకు ఇంకొకటి ఆనించండి. తీగలు మీటకండి. మీటితే చుట్టలో పుట్టే విద్యుత్తుకు అంకెలు గెంతుతాయి. వాల్యూమ్ కంట్రోల్ కూడా సమాంతరంగా ఉంటుంది కాబట్టి, అది 500 కే అయితే ఎనిమిది వేల పికప్ 7,870 చూపిస్తుంది. మే నెల ఎండలో ఇంకో మెలిక. డిగ్రీకి 0.39 శాతం చొప్పున రాగి నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల్లో 6,000 ఉన్నది 40 డిగ్రీల గదిలో 6,470 అవుతుంది. 20కే పరిధి దాటిపోయి, పరిధి పెంచితే 250 కే లేదా 500 కే కనిపించిందా, చుట్ట తెగింది, మీరు చూస్తున్నది వాల్యూమ్ కంట్రోల్ విలువ. హంబకర్ ఉండాల్సిన దాంట్లో సగమే చూపిస్తే ఒక చుట్ట షార్ట్ అయిందేమో, లేదా స్విచ్ దాన్ని పక్కన పెట్టిందేమో చూడండి. బ్యాటరీతో నడిచే పికప్‌లకు ఈ పరీక్ష పనికిరాదు.

కొత్త పికప్ కొంటున్నప్పుడు దుకాణంలో ‘ఎన్ని కే’ అని అడిగి ఊరుకోకండి. ఏ నంబరు తీగ, ఏ అయస్కాంతం, ప్రేరకత్వం ఎంత అని అడగండి. ఆ మూడూ చెప్పకుండా ‘14 కే, చాలా హాట్’ అని మాత్రం ఊదరగొడితే, వాయించి వినేదాకా డబ్బులు తీయకండి.