మూలబడిన కంప్యూటరు

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలు అనుచుండెడివారు. ఈ సామెతకు నేడు కంప్యూటరుకంటె చక్కని నిదర్శనము దొరకదు. ఇంటికి వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టి, కుంకుమబొట్టు పెట్టి, పిల్లలను తాకనీయక గుడ్డ కప్పి దాచిన యంత్రమే పదియేండ్లు తిరుగకముందు అటక మీదికి చేరుచున్నది. నాగలి కర్రు అరిగినచో కర్రు మార్చి దున్నుదుము. ఇత్తడిబిందె చిల్లిపడినచో మాటు వేయించి నీరు తెచ్చుకొందుము. కంప్యూటరు విషయములో మాత్రము పాతబడుటయు, పనికిరాకపోవుటయు ఒకటే యని నమ్ముచున్నాము. ఈ రెండును ఒకటి కావని నాకు మా పాఠశాలలో ఒక బాలిక నేర్పినది. ఆ సంగతి తోడి ఉపాధ్యాయులకును, విద్యార్థులకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో గణితము బోధించువాడను. మధ్యాహ్న భోజనమునకై బియ్యపు బస్తాలు ఉంచు గదిలో, ఒక మూల, ఆరు కంప్యూటర్లు దుప్పటి కప్పుకొని ఉండెడివి. వానిని నేర్పుటకు వచ్చిన బోధకుడు ఒప్పందకాలము ముగియగానే వెళ్ళిపోయెను. మాకు గది తాళముచెవి మాత్రము మిగిలినది. "స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు, చెడినచో ఎవరు జవాబు చెప్పవలెను?" అన్నదే మా అందరి భయము. వాడి చెడగొట్టినవానిని అడుగువారు కలరు. వాడక చెడగొట్టినవానిని అడుగువారు లేరు. కావున ఆ యంత్రములు ఎవరి చేతికిని చిక్కక, ఎనిమిదేండ్లు క్షేమముగా పాడైనవి.

నిరుడు దసరా సెలవులకు ముందు వానిని రిజిస్టరునుండి తొలగించుటకై కాగితములు సిద్ధము చేయుమని ప్రధానోపాధ్యాయులు నాకు పురమాయించిరి. పరిశీలకులు వచ్చుటకు పదునైదు దినములు గడువున్నది. నేను జాబితా వ్రాయుచుండగా పదవ తరగతి పిల్లవాడొకడు, "మాస్టారూ, ఎటూ పారవేసేవే కదండీ, ఒక్కసారి విప్పి చూడమంటారా?" అని అడిగెను. ఆ ప్రశ్న ఎనిమిదేండ్లలో మాకెవరికిని తోచలేదు. ప్రధానోపాధ్యాయులు కొంతసేపు ఆలోచించి, "విప్పండి, మాస్టారూ. నేను సంతకము పెడతాను" అనిరి. ఆ ఒక్క సంతకమే తరువాతి కథకంతకును మూలము.

లోపల ఏమున్నది?

విద్యుత్తు తీగ పూర్తిగా ఊడదీసి, డబ్బా మరలు విప్పితిమి. అరచేతి మందమున దుమ్ము, బల్లిగ్రుడ్ల పెంకులు, ఒక చీమలపుట్ట కనిపించినవి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిమి. మెమరీ పలకలను బయటికి తీసి, వాని బంగారురంగు అంచులను పెన్సిలు చెరుపు రబ్బరుతో రుద్ది, మరల బిగించితిమి. రెండు యంత్రములు వెంటనే మేలుకొన్నవి. ఇంకొకటి వెలిగించిన ప్రతిసారి తేదీని ఎన్నో ఏండ్లు వెనుకకు చూపుచుండెను. అందులకు కారణము రూపాయి బిళ్ళవంటి మూడు వోల్టుల చిన్న బ్యాటరీ అయిపోవుటయే. బజారులో కొన్ని రూపాయలకు అది దొరకును. రెండు యంత్రములు ఏమి చేసినను లేవలేదు. వాని అవయవములు తీసి ఆరవదానికి అమర్చితిమి. ఆరింటిలో నాలుగు బ్రదికినవి.

ఇవి ఎంత అల్పములు? 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ మన దేశముననే నిర్మించిన టిఫ్రాక్ అను కంప్యూటరును ప్రారంభించెను. దాని మెమరీ 2,048 మాటలు. మాట ఒక్కింటికి 40 బిట్లు. అనగా మొత్తము 10,240 బైట్లు. మన శాస్త్రజ్ఞులు దానితోనే గొప్ప లెక్కలు సాధించిరి. మా మూలబడిన యంత్రములలో ఒక్కొక్కదానికి రెండు గిగాబైట్ల మెమరీ కలదు. భాగించి చూడుడు: టిఫ్రాక్ కంటె రెండు లక్షల రెట్లు మించినది! దీనిని పనికిరానిదని త్రోసివేయుటకు ముందు, మన పని ఏమిటో మనము తెలిసికొనవలసి యున్నది.

శరీరము పాతది, ఆత్మ క్రొత్తది

నిజమునకు యంత్రము ముసలిదగుటకు ఇనుము అరుగుట ముఖ్యకారణము కాదు. దానిని నడపు ఆపరేటింగ్ సిస్టమునకు కాలము తీరుటయే అసలు చిక్కు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసినది. అటుపిమ్మట భద్రతా లోపములు బయటపడినను మరమ్మతులు మామూలుగా అందవు. విండోస్ 11 పాత ప్రాసెసరులను పెక్కింటిని అంగీకరింపదు. అందుచే చక్కగా తిరుగుచున్న యంత్రములు సైతము పనికిరానివాని పట్టికలో చేరుచున్నవి.

దీనికి విరుగుడు లినక్స్. హెల్సింకీ నగరములో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ఆరంభించెను. దీనిపై ఆధారపడిన డెబియన్ వంటి ఆపరేటింగ్ సిస్టములను వెల లేకయే తెచ్చుకొనవచ్చును, పంచుకొనవచ్చును, కావలసినట్లు మార్చుకొనవచ్చును. ఇందు తక్కువ మెమరీకి సరిపడు తేలికరకములును కలవు. కేరళ రాష్ట్రము తన పాఠశాలలలో చాలకాలముగా ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు విద్య నేర్పుచున్నది. మన హైదరాబాదులోను స్వేచ్ఛ అను సంస్థ ఈ ఉద్యమమును నడుపుచున్నది. అయితే ఒక హెచ్చరిక: 32 బిట్ల ప్రాసెసరులకు క్రమముగా ఆదరణ తగ్గుచున్నది. 2025లో వెలువడిన డెబియన్ 13 వానికి స్థాపనా సదుపాయము నిలిపివేసినది. కావున ముందుగా ప్రాసెసరు రకమును చూచుకొనవలెను. వెసులుబాటున్నచో పాత హార్డ్ డిస్కు స్థానమున చిన్న ఎస్.ఎస్.డి. అమర్చిన యెడల యంత్రము వేగము ఎంతో పెరుగును.

తాబేలు, ముగ్గు

లినక్స్ పెట్టిన పిమ్మట ఏమి చేయవలెను? 1967లో అమెరికాలో సేమూర్ పేపర్ట్ మొదలైనవారు పిల్లలకొరకు లోగో అను భాషను సృష్టించిరి. తెరమీద ఒక తాబేలుండును. దానికి ముందుకు పొమ్మని, ప్రక్కకు తిరుగుమని ఆజ్ఞ లిచ్చినచో అది పోయినంత మేర గీత పడును. నేడు పైథాన్ భాషలోను ఆ తాబేలు కలదు. దానికి మా పాత యంత్రము ధారాళముగా చాలినది.

ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక, తరగతిలో ఎన్నడును నోరు విప్పనిది, దాని ముందు కూర్చున్నది. ఆజ్ఞలు ఇంగ్లీషువే అయినను నాలుగు మాటలు నేర్చుటకు ఆమెకు అరగంట పట్టలేదు. వాళ్ళ అమ్మ వాకిట వేయు ముగ్గును తెరమీద వేయవలెనని ఆమె పట్టుదల. ఎనిమిది మూలల గడికి మూలమూలను 45 డిగ్రీలు తిరుగుమన్నది. గడి చక్కగా మూసికొన్నది. పిదప ఏడు మూలల గడికి పూనుకొన్నది. 360ని 7తో భాగించి, వచ్చిన 51ని మాత్రము వ్రాసి, శేషమును విడిచిపెట్టినది. నూరేసి అడుగుల గీతలు ఏడు పడినవి. కాని చివరి గీత కొస మొదటి గీత మొదలును అందుకొనలేదు. "మాస్టారూ, తాబేలు తప్పు చేసిందండీ!" అన్నది. "మరల వేయించి చూడు" అంటిని. మరియొక చుట్టు వేయించగా గడి మరికొంత ప్రక్కకు జరిగినది. బాలిక చాలసేపు తెరవంక చూచి, కాగితముమీద 51ని 7తో హెచ్చించి, "మూడు డిగ్రీలు నేనే మింగేశానండీ" అన్నది.

బహుభుజి బాహ్యకోణముల మొత్తము 360 డిగ్రీలని నేను ఇరువదియేండ్లుగా నల్లబల్లమీద వ్రాయుచున్నాను. పిల్లలును ఇరువదియేండ్లుగా ఎక్కించుకొనుచున్నారు. ఆ మాటను ఒక పిల్ల తన తప్పులోనుండి తానే తవ్వి తీయుట నేను చూచిన దానాడే. 51కి బదులు 360/7 అని వ్రాసినంతనే గడి మూసికొన్నది. ఏ దశాంశముతోను తెగని భాగహారము ఎందుకు ఉండవలెనో ఆ పిల్లకు మరి చెప్పవలసిన పని లేకపోయెను.

మరికొన్ని పనులు

రెండవ యంత్రమును గ్రంథాలయముగా మార్చితిమి. కివిక్స్ అను ఉచిత సాధనముతో తెలుగు వికీపీడియాను ఒక్కసారి దించుకొన్నచో, పిమ్మట ఇంటర్నెట్టు లేకయే చదువుకొనవచ్చును. తీగ తెగిపోయినను, డబ్బు కట్టకపోయినను ఆ గ్రంథాలయము మూతపడదు. మూడవదానిలో పిల్లలు తెలుగు టైపు నేర్చుచున్నారు. వారి అభ్యాసమునకు పాఠ్యపుస్తకము కాక, ఊరి ముసలివారు చెప్పు సామెతలు, నాట్లపాటలు, పాత వీధుల పేర్లు ఇచ్చితిమి. వ్రేళ్ళకు అభ్యాసమును, ఊరికి ఒక రికార్డును సమకూడుచున్నవి. నాలుగవది పాఠశాల పుస్తకముల పట్టికను మోయుచున్నది. చెడిన రెండింటి డబ్బాలు విజ్ఞానశాస్త్రపు గదిలో విప్పియే యున్నవి; ఏ భాగము ఏమి చేయునో పిల్లలు చేతితో తాకి తెలిసికొందురు.

మెమరీ మరీ తక్కువైన యంత్రములున్నవారు, మంచి కంప్యూటరు ఒకదానిని నడుమనుంచి, పాతవానిని దానికి కన్నులుగా, చేతులుగా కలుపవచ్చును. ఇందుకై 1999 నుండి ఎల్.టి.ఎస్.పి. అను లినక్స్ పథకము కలదు.

చేయరాని పనులు

పాతదానిపై ప్రేమ గ్రుడ్డిది కారాదు. మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టముతో బ్యాంకు లావాదేవీలు జరుపరాదు. 80 వాట్లు తినుయంత్రమును రేయింబవళ్ళు వెలిగించినచో నెలకు సుమారు 58 యూనిట్లు ఖర్చగును; దినమునకు ఐదుగంటలైనచో 12 యూనిట్లే. కావున పని తీరగనే ఆర్పవలెను. ఇతరులకు ఇచ్చునపుడు ఫైళ్ళను చెరిపితిమని తృప్తిపడరాదు. చెరిపినవానిని మరల వెలికితీయవచ్చును. డిస్కు నంతటిని క్రొత్త వ్రాతతో నింపి ఇవ్వవలెను. పని చేయని డబ్బాను బడికి పంపి దానమని పేరు పెట్టుకొనుట దానము కాదు, మన చెత్తను పరుల వాకిట ఊడ్చుటయే.

యంత్రము నిజముగా మరణించిననాడు పాత ఇనుప సామానులవానికి వేయరాదు. రాగికొరకు తీగలను కాల్చుదురు, బంగారముకొరకు పలకలను ఆమ్లములో ముంచుదురు. ఆ పొగను పీల్చువారిలో పసివారును ఉందురు. పాత గాజుగొట్టపు మానిటరులో సీసము కలదు. 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పుట్టగా, క్రమపద్ధతిలో సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకెక్కినది నూటికి 22.3 వంతులే. మన దేశములో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారము ఈ వ్యర్థములు నమోదైన శుద్ధికర్తలకే చేరవలెను.

పదునైదవ దినమున పరిశీలకులు వచ్చిరి. తొలగింపు కాగితములో ఆరు అని వ్రాసియుండిన చోట మా ప్రధానోపాధ్యాయులు కొట్టివేసి రెండు అని దిద్దిరి. బియ్యపు బస్తాలు వేరొక గదికి మారినవి. తాళముచెవి ఇప్పుడు నా జేబులో లేదు. ఆ ఎనిమిదవ తరగతి బాలిక దగ్గర ఉన్నది. సంక్రాంతినాడు వాళ్ళ వాకిట ఏడు మూలల ముగ్గు వేసియున్నది. నేను ఆగి చూచితిని. ఎక్కడను గీత తెగలేదు.

మీ పాఠశాలలోను ఏదో ఒక గదిలో దుప్పటి కప్పుకొన్న యంత్రము ఉండియుండును. ఆ దుప్పటి ఒకసారి తీసి చూడుడు.