పాత వ్యానుకు కొత్త గుండె

గుర్రం ఎంత బలమైనదైనా, బండి ఇరుసు ఆ పరుగుకు తట్టుకోలేకపోతే ప్రయాణం నడిదారిలోనే ముగుస్తుంది. యంత్రాల నడుమ జీవనం సాగించే మన సంస్థ కుటుంబాలకు ఈ విషయం తెలియనిది కాదు. పాశ్చాత్య దేశాలలోని ఔత్సాహికులు చేపడుతున్న ఒక ప్రయత్నం దీనికి చక్కని ఉదాహరణగా మాకు తోచింది. పాత వ్యానులోని ఇంజన్‌ను తొలగించి, టర్బోచార్జరు గల కారు ఇంజన్‌ను అమర్చడమే ఆ ప్రయత్నం.

బరువెక్కువ, బలం తక్కువ

జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 1979లో తన ట్రాన్స్‌పోర్టర్ వ్యానులలో మూడవ తరాన్ని ప్రవేశపెట్టింది. మనకు పరిచయమైన మాటడోరులో ఇంజన్ ముందు ఉండగా, ఈ వ్యానులో వెనుక భాగాన, సామాను ఉంచే అరుగు కింద ఉంటుంది. తొలి నమూనాలలోని 1.6 లీటర్ల ఇంజన్ 50 అశ్వశక్తిని, 2 లీటర్ల ఇంజన్ 70 అశ్వశక్తిని ఇచ్చేవి. రెండూ గాలితో చల్లబడేవే. 1982లో నీటితో చల్లబడే పెట్రోలు ఇంజన్లు వచ్చాయి.

అనేక కుటుంబాలు ఈ వ్యానులో పడకలు, పొయ్యి, నీటి తొట్టి అమర్చుకొని విహారయాత్రలకు బయలుదేరేవి. ఆ బరువంతా మోస్తూ కొండదారి ఎక్కవలసి వచ్చినప్పుడు ఆ చిన్న ఇంజన్ ఆయాసపడేది. కాలక్రమాన ఇంజన్లు అరిగిపోయాయి కాని, వ్యాను మీది మమకారం మాత్రం తరగలేదు. అందువల్ల యజమానుల దృష్టి జపాన్‌కు చెందిన సుబారు కార్ల ఇంజన్లపై పడింది. వాటిలో కూడా ఫోక్స్‌వ్యాగన్ పెట్రోలు ఇంజన్‌లో వలెనే నాలుగు సిలిండర్లు ఇరువైపులా అడ్డంగా పడుకొని ఉంటాయి. కనుక ఆ ఇరుకు అరలో అవి ఇమడగలవు. సుబారు ఇంప్రెజా కారులోని 2 లీటర్ల టర్బో ఇంజన్ 200కు పైగా అశ్వశక్తిని ఇస్తుంది. అంటే పాత ఇంజన్ బలానికి దాదాపు మూడు రెట్లు!

టర్బోచార్జరు అంటే?

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందారు. ఇంజన్ నుండి వెలువడే వేడి పొగ వృథాగా బయటకు పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి పంపుతుంది. గాలి పెరిగితే మండే ఇంధనమూ పెరుగుతుంది, తద్వారా శక్తి పెరుగుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగులకు చల్లని, శుభ్రమైన ఆయిలే ప్రాణాధారం. ఒత్తిడికి గురైన గాలి వేడెక్కుతుంది కనుక దానిని చల్లబరచడానికి ఇంటర్‌కూలరు అవసరమవుతుంది.

ఒకటి మారిస్తే పది మార్చాలి

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. సుబారు ఇంజన్‌ను ఫోక్స్‌వ్యాగన్ గేర్‌బాక్సుకు కలపడానికి మధ్యలో ఒక అడాప్టరు ప్లేటు, తగిన ఫ్లైవీలు కావాలి. కొత్త ఇంజన్ ఆయిల్ సంపు కిందికి వేలాడుతూ రోడ్డుకు తగిలే ప్రమాదం ఉన్నందున పొట్టి సంపు అమర్చాలి. అయితే అందులో ఆయిల్ పరిమాణం తగ్గకూడదు.

కారులో ఇంటర్‌కూలరు బానెట్ కింద ఉండి ఎదురుగాలికి చల్లబడుతుంది. వ్యాను వెనుక మూసిన అరలో ఆ గాలి ఎక్కడిది? అందువల్ల కొందరు నీటితో చల్లబడే ఇంటర్‌కూలరు అమరుస్తారు. రేడియేటరు వ్యాను ముందు భాగాన ఉండగా ఇంజన్ వెనుక ఉన్నందున నీరు పొడవైన గొట్టాలలో ప్రయాణించాలి. వాటిలో గాలి బుడగ చిక్కుకుంటే ఇంజన్ వేడెక్కిపోతుంది. అందుకే నీరు నింపేటప్పుడు వ్యాను ముందు భాగాన్ని పైకెత్తి ఆ గాలిని తీసివేస్తారు. వీటన్నిటికీ తోడు కంప్యూటరు, సెన్సార్లు, చిక్కుముడి వంటి వైరింగు ఉండనే ఉన్నాయి. ఇన్ని చేసినా, తక్కువ బలానికి తయారైన పాత గేర్‌బాక్సు పళ్ళు కొత్త బలానికి విరిగిపోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనవి బ్రేకులు. వేగం 80 కిలోమీటర్ల నుండి 120కి పెరిగితే బండిలోని గతిశక్తి రెండింతలకు మించి, అనగా 2.25 రెట్లు అవుతుంది. ఆ శక్తినంతటినీ వేడిగా మార్చి వదిలించుకోవలసింది బ్రేకులే. దక్షిణాఫ్రికాలో ఇదే వ్యానును 2002 వరకు తయారుచేశారు. అక్కడి కర్మాగారం దీనికి ఐదు సిలిండర్ల ఆడి ఇంజన్‌ను అమర్చినప్పుడు ముందు చక్రాలకు పెద్ద డిస్క్ బ్రేకులను కూడా అమర్చింది. దానిలో టర్బో కూడా లేదు! తయారీదారే తీసుకున్న జాగ్రత్తను ఇంటి షెడ్డులో పనిచేసేవారు విస్మరించడం క్షేమకరం కాదు.

చట్టం ఏమంటుంది?

జర్మనీలో ఇటువంటి మార్పును అధీకృత నిపుణుడు పరీక్షించి ఆమోదించాలి. బ్రిటన్‌లో ఇంజన్ మార్పును రిజిస్ట్రేషన్ శాఖకు తెలియజేయాలి. మన దేశంలో నిబంధన మరింత కఠినం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయాన్ని స్పష్టపరచింది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్ల వంటి వాటికి మినహాయింపు ఉంది. అదే తయారీ, అదే రకం ఇంజన్ వేసుకోవాలన్నా సాధారణంగా రిజిస్టరింగ్ అధికారి ఆమోదం అవసరం. అనుమతి లేని మార్పు జరిగిన వాహనం ప్రమాదానికి గురైతే బీమా పరిహారానికి కూడా చిక్కులు రావచ్చు.

మనకు పాఠం

ఔత్సాహికుల శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఓర్పుతో, లెక్కతో చేసిన వ్యానులు వేల కిలోమీటర్లు హాయిగా తిరుగుతున్నాయి. చెడిపోయినవాటిలో ఎక్కువ భాగం ఇంజన్ ఒక్కటే చూసుకొని మిగిలినది మరచినవే. మన కర్మాగారంలో పాత పంపుకు పెద్ద మోటారు బిగించేటప్పుడు కప్లింగు, పునాది బోల్టులు, కేబులు, బ్రేకరు తట్టుకుంటాయా అని ముందుగా సరిచూసుకుంటాము కదా! ఇంటి వాహనం విషయంలోనూ అదే క్రమశిక్షణ పాటిద్దాం. అందులో కూర్చునేది మన భార్యాబిడ్డలే.