మహానంది నీళ్ళు చలికి వెచ్చన, ఎండకు చల్లన: ఎందుకు?

శివరాత్రికి ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో మహానందికి పోయి, చీకటితోనే కోనేట్లో దిగినవాళ్ళకు ఈ సంగతి అనుభవమే. ఒడ్డున పళ్ళు టకటకలాడతాయి. గొంతులోతు నీళ్ళలో మునగగానే ఒళ్ళు వెచ్చబడుతుంది. అదే కోనేట్లో మే నెల మధ్యాహ్నం దిగితే హాయిగా చల్లగా ఉంటుంది. అడుగున పడిన రూపాయి బిళ్ళ మాత్రం ఎప్పుడైనా కనిపిస్తూనే ఉంటుంది.

నిజానికి నీళ్ళ వేడి పెద్దగా మారదు, మారేది బయటి గాలి. నేలలో పది మీటర్ల లోతు దాటితే, అంటే పాతకాలపు దిగుడుబావి అడుగుకు చేరితే, పైన కాసే ఎండా, పెట్టే చలీ దాదాపు తగలవు. అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. కర్నూలు వైపు ఆ సగటు సుమారు 28 డిగ్రీలు. నల్లమలలో ఇంకిన వాన రాతి పగుళ్ళలో నడిచి, ఆ వేడినే పట్టుకుని ఊటగా పైకొస్తుంది. లెక్కకు 28 అనుకుందాం. జనవరి తెల్లవారుజామున గాలి 17 డిగ్రీలుంటే నీళ్ళు 11 డిగ్రీలు ఎక్కువ. మే మధ్యాహ్నం గాలి 41కి పోతే 13 డిగ్రీలు తక్కువ.

మరి దీన్ని వేడినీటి బుగ్గ అనొచ్చా? మనం అనం. జపాన్‌లో అంటారు! అక్కడ వేడినీటి బుగ్గను ఒన్సెన్ అంటారు. 1948లో చేసిన చట్టం ప్రకారం నేలలోంచి వచ్చే నీళ్ళు 25 డిగ్రీలుంటే చాలు, ఒన్సెన్ కిందే లెక్క. కొన్ని ఖనిజాలు తగినంత ఉంటే ఆ వేడి కూడా అక్కర్లేదు. ఆ కొలతకు మన ఆదోని బోరు నీళ్ళు కూడా సరిపోతాయి. నమ్మకపోతే థర్మామీటరు పెట్టి చూడండి. ఎండకు కాగిన మిద్దెమీది ట్యాంకు నీళ్ళు కాదు, మోటారు వేసి పది నిమిషాలు వదిలాక బోరు గొట్టం దగ్గర పట్టినవి.

అయితే జపాన్‌లో పొగలు కక్కే నీళ్ళెక్కడివి? అక్కడ చాలాచోట్ల కింద అగ్నిపర్వతాల వేడి ఉంది. కుసాత్సు అనే ఊళ్ళో ఊట నీళ్ళు 50 డిగ్రీల పైమాటే. స్నానానికి 42 చాలు. మనమైతే చన్నీళ్ళు కలుపుతాం. 20 లీటర్ల బకెట్టుకు 28 డిగ్రీల నీళ్ళు ఏడు లీటర్ల పైన పడతాయి. అంటే నీళ్ళలోని ఖనిజాలు మూడోవంతుకు పైగా పలచబడతాయి. అందుకే అక్కడివాళ్ళు పొడవాటి చెక్కలతో, పాట పాడుకుంటూ, తొట్టిలో నీళ్ళను తిరగేసి తిరగేసి చల్లార్చేవాళ్ళు. ఆ పద్ధతిని నేటికీ చేసి చూపిస్తున్నారు. నాకు ఆ ఊరిమీద గౌరవం కలిగింది ఈ ఓపిక వల్లే.

తెలుగునేల మీద అలాంటి వేణ్ణీళ్ళు చూడాలంటే భద్రాచలం దగ్గరి గుండాలకు పోవాలి. అక్కడ గోదావరి ఇసుకలో గుంట తీస్తే చాలు, ఊరతాయి.

మహానంది గొప్ప వేడిలో లేదు, పారకంలో ఉంది. ఈ ఊట కింద సుమారు 2,000 ఎకరాలు సాగవుతాయని చెబుతారు. ఒక ఎకరంలో అంగుళం మందాన నీళ్ళు నిలపాలంటే లక్ష లీటర్ల పైన కావాలి. 2,000 ఎకరాలకు ఒక్క అంగుళపు తడి అంటే 20 కోట్ల లీటర్లు దాటుతుంది. ఎండాకాలం మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 41 వేల ట్యాంకర్లు. స్నానాలు చేసిన నీళ్ళు గుడి దాటి, కాలవల్లో పడి అరటితోటలకే పోతాయి.