పొగకు దారేది?

2019 అక్టోబరు 21 తెల్లవారుజామున హైదరాబాద్ ఎల్బీనగర్‌లోని షైన్ పిల్లల ఆసుపత్రిలో మంటలు లేచి ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. ఆ తర్వాత నగరంలో అగ్నిప్రమాద మృతుల లెక్క పెరుగుతూనే ఉంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో 17 మంది. ఈ మూడు చోట్లా ఎక్కువమంది పొగకు ఊపిరాడక పోయినవారే. రూబీలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, పైన గదుల్లో దిగినవాళ్లు చనిపోయారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది మరి.

దిల్‌సుఖ్‌నగర్ బిల్డింగుల సంగతి తెలిసిందే. కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటర్, ఆ పైన హాస్టల్, సెల్లార్‌లో పార్కింగుకు బదులు స్టాకు. 600 గజాల సెల్లార్ ఒకటి తీసుకుందాం. అంటే దాదాపు 500 చదరపు మీటర్లు. 3 మీటర్ల ఎత్తుకు 1,500 ఘనపు మీటర్ల గాలి. మంట పుడితే గంటకు 12 సార్లు ఆ గాలంతా మారాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. గంటకు 18,000 ఘనపు మీటర్లు, సెకనుకు 5. బాత్రూము గోడకు పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో అయ్యే పని కాదిది. పొగ లాగే ఫ్యాను 250 డిగ్రీల వేడిలో 2 గంటలు ఆగకుండా తిరగాలి. కరెంటు పోయినా తిరగాలి. గాలి దానంతటదే ఆడే సెల్లార్ అయితే, నేల విస్తీర్ణంలో 2.5 శాతం, అంటే 15 గజాల మేర కంతలు ఉండాలి. వాటికి అట్టపెట్టెలు అడ్డం పెడితే ఆ లెక్కంతా వృథా.

ఎత్తయిన భవనాల్లో మెట్లదారిలోకి పొగ చొరబడకుండా ఫ్యాన్లతో గాలి నింపుతారు. ఒత్తిడి 50 పాస్కల్స్. 2 చదరపు మీటర్ల తలుపు మీద ఇది సుమారు 10 కిలోల బరువు మోపినట్టు. ఉక్కపోస్తోందని ఎవరో ఆ తలుపుకు నీళ్ల క్యాను అడ్డంపెట్టి తెరిచి ఉంచితే చాలు, ఒత్తిడి పోయినట్టే.

మన దగ్గర అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) నిబంధన వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు నుంచి, నివాస భవనాలకు 18 మీటర్ల నుంచి మొదలవుతుంది. నాలుగంతస్తుల బిల్డింగు సాధారణంగా ఆ గీత కిందే ఆగిపోతుంది. అక్కడ ఫ్యాన్లు ఆశించలేం. మెట్ల మలుపుల్లోని కిటికీలే దిక్కు. వాటినీ గ్లాసు, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్లు, కోచింగ్ ఫ్లెక్సీలు మూసేస్తున్నాయి. నా దృష్టిలో ఇది అజాగ్రత్త కాదు, నేరం.

పిల్లల్ని హాస్టల్లో చేర్చేముందు ఫీజు, మెస్ అడుగుతారు కదా. ఒక్కసారి లిఫ్టు మానేసి మెట్లెక్కండి. ప్రతి మలుపు దగ్గరా బయటి గాలి ముఖానికి తగలకపోతే, ఇంకో హాస్టల్ చూసుకోండి.