సిటీయే ఇంటర్నెట్ ఇస్తే? చట్టనూగా చెప్పే లెక్క

సిటీ సొంతంగా బ్రాడ్‌బ్యాండ్ పెట్టాలంటే ముందు రెండు చూడాలంటాను: స్తంభాలు, చట్టం. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో చట్టనూగానే తీసుకోండి.

అక్కడి సిటీ కరెంటు సంస్థ ఈపీబీకి స్తంభాలు, లైన్‌మెన్, బిల్లింగ్ అన్నీ ముందే ఉన్నాయి. కరెంటు పోతే వేరే లైన్ నుంచి ఆటోమేటిక్‌గా సప్లై మళ్లించే స్మార్ట్ గ్రిడ్‌కి ఫైబర్ కావాలి. దానికి ఫెడరల్ ప్రభుత్వం 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంట్ ఇచ్చింది. అదే ఫైబర్ మీద 2010లో తన ఏరియా అంతటికీ 1 జీబీపీఎస్ నెట్, 2015లో 10 జీబీపీఎస్ తెచ్చారు. ఒక్క ఖర్చు, రెండు పనులు!

మరి పక్క ఊళ్ల సంగతి? కరెంటు ఇచ్చే ఏరియా దాటి నెట్ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం. 2015లో టెలికాం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ ఆ అడ్డు తీసేస్తే, 2016లో కోర్టు ఆ ఆర్డర్‌నే కొట్టేసింది. ఫైబర్ ఇంకా ముందుకెళ్లగలదు, గీత దాటే పర్మిషనే లేదు. అందుకే కేబుల్ కొనేముందే చట్టం చదవాలి.