పాతాళంలో హోరు!

గని ప్రమాదం అనగానే కప్పు కూలడం, నీరు ముంచెత్తడం, విషవాయువులు గుర్తొస్తాయి. చప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు. రక్తం చిందదు, నొప్పి తెలియదు మరి! కానీ భూమిని తొలిచి గనికి దారులు వేసే కార్మికుడి నుంచి అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వినికిడిని లాగేసుకుంటుంది.

బొగ్గు కన్నా ముందు...

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ గుర్తించాడు. అదే తర్వాత సింగరేణి గనులకు నాంది. అయితే ఎక్కడైనా సరే, బొగ్గు పైకి రావాలంటే ముందు కిందికి దారి కావాలి. ఏటవాలుగా తవ్వితే ఇంక్లైన్, నిలువుగా తవ్వితే షాఫ్ట్. ఆ తర్వాత రాతిలో సొరంగాలు, పైకప్పు జారకుండా బోల్టులు... ఇవన్నీ పూర్తయితేనే గని.

గని మొత్తంలో చెవులు చిల్లులు పడే పనుల్లో ఇవీ ఉంటాయి. గట్టి రాతిని డ్రిల్లు తొలుస్తుంటుంది. తవ్విన రాళ్లను లోడర్ ఎత్తి పోస్తుంటుంది. కార్మికులకు గాలి అందాలి కాబట్టి ఫ్యాను ఆగకుండా తిరగాల్సిందే. ఆరుబయట అయితే శబ్దం నలుదిక్కులా చెదిరిపోతుంది. ఇరుకు సొరంగంలో అది ఎక్కడికి పోతుంది? గోడకు కొట్టుకుని, కప్పుకు తగిలి, మళ్లీ కార్మికుడి చెవి దగ్గరికే వస్తుంది.

మూడు పెరిగితే రెట్టింపు

డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 90 డెసిబెల్స్ యంత్రం పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 180 కాదు, 93 అవుతుంది. అంటే మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టే. అందుకే అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. 88 అయితే 4 గంటలే. 100కు చేరితే పావుగంట. 115 దగ్గర అర నిమిషం కూడా ఉండకూడదు! గాలితో నడిచే చేతి డ్రిల్లు పట్టుకున్న మనిషి దగ్గర శబ్దం 110 దాటడం మామూలే.

మన దేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లోనే ఈ విషయంలో సర్క్యులర్ ఇచ్చింది. 85 డెసిబెల్స్ హెచ్చరిక గీత, 90 ప్రమాద గీత. 115 దాటే చోటికి చెవికి రక్షణ లేకుండా వెళ్లకూడదు. 140 దాటే చోటికి అసలు వెళ్లనే కూడదు.

సారా... చారా?

లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు వేల సంఖ్యలో ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించేవి అవే. విపరీతమైన హోరుకు అవి అలసిపోతాయి. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్‌మంటూ ఉండేది అందుకే. కాస్త విశ్రాంతి దొరికితే కొన్ని తేరుకుంటాయి. రోజూ అదే హోరైతే చనిపోతాయి. చనిపోయినవి మళ్లీ పుట్టవు. వాటిని తిరిగి మొలిపించే మందు లేదు.

ముందుగా దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని శబ్దాలు. కాబట్టి మాట వినబడుతుంది కానీ అర్థం కాదు. 'సారు' అన్నారో 'చారు' అన్నారో తేలదు. ఇంట్లోవాళ్లు 'పరధ్యానం' అనుకుంటారు.

గనిలో చెవి మరో పని కూడా చేస్తుంది. కప్పును కడ్డీతో తట్టి, మోగే తీరును బట్టి గట్టిగా ఉందో గుల్లబారిందో కనిపెట్టడం గని పనిలో పాత విద్య. రాయి చిటపటలాడితే పక్కకు తప్పుకోవాలి. వెనక నుంచి వచ్చే బండి చప్పుడు వినాలి. చెవి పోతే ప్రాణానికున్న ఒక కాపలా పోయినట్టే.

మందు యంత్రానికి వేయాలి

చెవిలో పెట్టుకునే ప్లగ్గులు పంచేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గును షిఫ్టులో సగం సేపు తీసేస్తే రోజు మొత్తానికి దక్కే మేలు మూడు డెసిబెల్సే! అందుకే చికిత్స మొదట యంత్రానికి జరగాలి.

గాలి డ్రిల్లు గోలలో పెద్ద వాటా బయటికి చిమ్మే గాలిదే. దానికి మఫ్లర్ బిగించొచ్చు. హైడ్రాలిక్ డ్రిల్లు వాడితే ఆ గాలి చిమ్మడమే ఉండదు. ఫ్యానుకు సైలెన్సర్, డ్రిల్లు నడిపేవారికి మూసిన క్యాబిన్ లేదా దూరం నుంచి నడిపే రిమోట్, వీలైనచోట కంప్రెసర్‌ను ఉపరితలం మీదే ఉంచడం... ఇవన్నీ తెలిసిన ఉపాయాలే. వదులైన బోల్టులు బిగించడం, అరిగిన బేరింగులు మార్చడం లాంటి చిన్న పనులూ గోల తగ్గిస్తాయి. బొగ్గు కోసే యంత్రంలో కన్వేయర్ గొలుసును మార్చి నియోష్ పరిశోధకులు మూడు డెసిబెల్స్ దాకా తగ్గించగలిగారు. చూడటానికి చిన్న అంకె, చెవికి మాత్రం సగం భారం తగ్గినట్టు.

దక్షిణాఫ్రికా గనులు 2003లో ఒక లక్ష్యం పెట్టుకున్నాయి. 2013 చివరికల్లా ఏ యంత్రం చప్పుడూ 110 డెసిబెల్స్ దాటకూడదన్నది దాని సారాంశం. 2014లో దాన్ని సవరించి, 2024 చివరికి 107 అన్నారు. కార్మికుడి చెవిని కాదు, యంత్రాన్ని బాధ్యుణ్ని చేయడమే అందులోని విశేషం.

యంత్రం తర్వాత మనుషుల వంతు. ఒకే మనిషిని షిఫ్టంతా డ్రిల్లు దగ్గర ఉంచకుండా పని మార్చాలి. ప్లగ్గులు, మఫ్‌లు చివరి కాపలా. అవి పెట్టుకున్నప్పుడు పిలుపు వినబడదన్న భయం కార్మికులకు ఉంటుంది. దానికి క్యాప్‌ల్యాంప్ సైగలను ముందే అనుకోవడం మంచి మార్గం.

ఇంట్లో గమనించండి

* టీవీ శబ్దం రోజురోజుకీ పెంచుతున్నారా?

* నలుగురిలో మాట్లాడుతుంటే 'ఏమిటీ?' అని పదేపదే అడుగుతున్నారా?

* డ్యూటీ దిగాక చెవుల్లో గుయ్‌మంటోందా?

ఒక్కటి ఉన్నా ఆడియోమెట్రీ చేయించాలి. నొప్పి లేని పరీక్ష. ఉద్యోగంలో చేరిన రోజునే ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకుంటే, తర్వాత ఎంత తగ్గిందో తెలుస్తుంది. పని పూర్తికాగానే మరో గనికి తరలిపోయే కాంట్రాక్టు కార్మికులకు ఇది మరీ అవసరం. చోటు మారినా, యజమాని మారినా చెవులు మాత్రం అవే కదా!