సలీమా పాత్రపై కోపం సరే, సినిమా మొత్తం చూశారా?

"ముస్లిం అమ్మాయినే వేశ్యగా చూపించాలా?" 'కేరాఫ్ కంచరపాలెం' పేరెత్తగానే ఈ ఒక్క మాటతో సినిమాను పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఆ కోపం ఊరికే రాలేదు. తెలుగు తెరపై ముస్లిం అంటే చాలాసార్లు నవ్వించే యాస, లేదంటే బాంబు.

కానీ వెంకటేశ్ మహా తీసి, 2018 సెప్టెంబరులో విడుదలైన ఈ సినిమాలో సలీమాను ఎలా చూపించారో కూడా చూడాలి కదా. మందు షాపులో పనిచేసే గడ్డం అనే అతను ఆమె కళ్లు చూసే మనసు పారేసుకుంటాడు, ముఖానికి ముసుగు మరి. ఆమె చేసే పని తెలిశాక కూడా పెళ్లి చేసుకుంటానంటాడు. ఆమె మతం మీద ఒక్క జోకూ లేదు. ఆ పాత్ర వేసింది ఎవరో కాదు, సినిమా నిర్మాత పరుచూరి ప్రవీణే.

"స్టార్లు లేరు, స్లో" అనే మాట ఇంకొకటి. నటుల్లో చాలామంది విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే. అదే దాని బలం.

సలీమా కథ నాలుగింటిలో ఒకటి. బడి పిల్లాడు సుందరం, బ్రాహ్మణ అమ్మాయి భార్గవిని ప్రేమించిన జోసెఫ్, 49 ఏళ్ల అటెండర్ రాజు, అతని పై అధికారి అయిన ఒడియా రాధ. పరువో, కులమో, మతమో, వయసో ప్రతిచోటా అడ్డొస్తుంది. ఈ నాలుగూ ఎక్కడ కలుస్తాయో చివర్లో తెలుస్తుంది, ఇక్కడ చెప్పేస్తే మజా పోతుంది.

ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆరంబాక్కం దాటితే తమిళం మాట్లాడే తడ వాళ్లకు ఈ కలగలుపు కొత్తేం కాదు. అయితే చిన్నపిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు, పెద్దవాళ్లు ముందుగా చూడటం మంచిది.